పాత పటంలోని నాయకుడి ఫొటో ఏనాటిది? ఒకే ఫ్రేములో ఉండే నాలుగు తేదీలు

పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడో, పార్టీ ఆఫీసు గోడలకు సున్నం వేయిస్తున్నప్పుడో గాంధీజీదో, నెహ్రూదో, ప్రకాశం పంతులుదో, నిజాందో ఒక పటం బయటపడుతుంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో బొమ్మ తిరుగుతుంది. "1921లో బెజవాడ వచ్చినప్పుడు తీసింది, ఒరిజినల్" అని ఒకరంటారు. "అదేం కాదు, క్యాలెండరు బొమ్మ" అని మరొకరు కొట్టిపారేస్తారు. ఆన్‌లైన్ అమ్మకాల్లోనైతే ముదురు రంగు చట్రంలో ఉన్న ప్రతి నాయకుడూ "1940ల నాటి అరుదైన ఫొటో"యే. ఈ తగాదాల్లో చాలావాటికి కారణం అబద్ధం కాదు. ఇద్దరూ ఒకే పటాన్ని చూస్తూ వేర్వేరు తేదీల గురించి మాట్లాడుతుంటారు.

## ముందు తేల్చుకోవలసింది: ఏ తేదీ?

కట్టిన పటం ఏదైనా మూడు తేదీలు మోస్తుంది. చాలాసార్లు నాలుగోది కూడా ఉంటుంది. నాయకుడు కెమెరా ముందు కూర్చున్న రోజు మొదటిది. ఆ నెగెటివ్ నుంచి బొమ్మ ఈ కాగితం మీదికి దిగిన రోజు రెండోది. కాగితాన్ని అద్దానికీ అట్టకూ మధ్య పెట్టి మేకులు కొట్టిన రోజు మూడోది. ఆ తర్వాత ఎవరో చెయ్యి పెట్టిన రోజు నాలుగోది: పగిలిన అద్దం మార్చడం, చెదలు తిన్న వెనకట్ట తీసేసి కొత్తది కొట్టడం, కింద ఒక పేరో సంతకమో చేర్చడం. 1931లో తీసిన గాంధీజీ ఫొటో, ఆయన మరణించాక 1948లో వేసిన ప్రింటు, 1960లలో కట్టిన ఫ్రేము, 1990లలో మార్చిన అద్దం ఇవన్నీ ఒకే పటంలో ఉండవచ్చు. అందులో మోసమేమీ లేదు.

ఇక్కడ వినిపించే మాటలు కొన్ని తెలిసి ఉండాలి. నెగెటివ్ తీసిన కొద్ది ఏళ్లలోనే వేసిన ప్రింటును సేకర్తలు వింటేజ్ ప్రింటు అంటారు. ఆ కొద్ది ఏళ్లు ఎన్ని అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. కొందరు ఐదేళ్లంటారు, కొందరు పదేళ్ల దాకా ఒప్పుకుంటారు. అదే నెగెటివ్ నుంచి చాలాకాలం తర్వాత వేసినది లేటర్ ప్రింటు. నెగెటివ్ దొరకక, ఉన్న ఫొటోనే మళ్లీ ఫొటో తీసి వేసినది కాపీ ప్రింటు. ప్రెస్సులో సిరాతో అచ్చయినది అసలు ఫొటోయే కాదు, అచ్చుబొమ్మ.

ఇంకొక నియమం. పటంలో దొరికే ఆధారాల్లో ఎక్కువ భాగం "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెబుతాయి. "ఇంత తర్వాతది కాదు" అని చెప్పేవి చాలా తక్కువ. 1967లో తయారవడం మొదలైన కాగితం మీద 1965లో ప్రింటు పడదు. కానీ 1950 నాటి కాగితం స్టూడియో బీరువాలో మిగిలిపోయి 1958లో వాడుకలోకి రావచ్చు. ఈ తేడా మరిచిపోతే ప్రతి ఆధారమూ పటాన్ని ఉన్నదానికంటే పాతది చేసి చూపిస్తుంది.

## ఫొటోనా, అచ్చుబొమ్మా: భూతద్దంతో మొదటి పరీక్ష

పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం చాలు. నల్లటి జుట్టులోనో తెల్లటి చొక్కాలోనో చూస్తే ఏమీ తెలియదు. బుగ్గ, నుదురు, మెడ కింది నీడ లాంటి మధ్యరకం ఛాయలున్న చోట చూడాలి.

అసలు ఫొటోలో చుక్కలుండవు. నలుపు నుంచి బూడిదకు, బూడిద నుంచి తెలుపుకు ఛాయ మెల్లగా కరిగిపోతుంది. క్రమంగా వరసలు కట్టిన చుక్కలు, నీడలో పెద్దవిగా, వెలుగులో చిన్నవిగా కనిపిస్తే అది హాఫ్‌టోన్ అచ్చు. పత్రికల అనుబంధాలు, పార్టీ కరపత్రాలు, క్యాలెండర్లు ఇలా వచ్చినవే. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు చిన్న చిన్న గుండ్రాలుగా పేరుకుని ఉంటే నాలుగు రంగుల ఆఫ్‌సెట్. క్రమం లేని చుక్కలు, ఒక్కో రంగుకు ఒక్కో పొర, అంచుల్లో రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకపోవడం పాత రాతి అచ్చు లక్షణం. దేవుడి పటాలతో పాటు దేశనాయకుల పటాలూ ఈ పద్ధతిలో చాలా వచ్చాయి.

ఇప్పటి నకిలీల్లో ఎక్కువగా దొరికేది ఇంక్‌జెట్. పాతదనం కోసం గోధుమ రంగులో వేస్తారు. కంటికి ఒకే రంగులా ఉంటుంది. భూతద్దం కింద అదే గోధుమ రంగు నీలం, గులాబీ, పసుపు తుంపరలుగా విడిపోతుంది. నిజమైన పాత ఫొటో గోధుమ రంగుకు తిరిగితే అందులో రంగు రంగుల తుంపరలుండవు. ఈ ఒక్క పరీక్షతో అమ్మకానికొచ్చే నకిలీల్లో పెద్ద భాగం తేలిపోతుంది.

మోసం చేసే సందర్భం ఒకటుంది. పైన ఫొటోకుండే మెత్తటి ఛాయ, దాని అడుగున మసకగా హాఫ్‌టోన్ చుక్కలు. ఇది ఫొటోయే, కానీ పత్రికలో అచ్చయిన బొమ్మను స్టూడియోవాళ్లు కెమెరాతో తీసి పెద్దది చేసిన కాపీ ప్రింటు. నాయకుడి నెగెటివ్ ఊళ్లో స్టూడియోకు దొరకదు కాబట్టి చిన్న పట్టణాల్లో ఇది మామూలు పని. ముఖంలో నీడలు మూసుకుపోయి, తెల్లటి చోట్ల వివరం ఎగిరిపోయి, కళ్లూ కనుబొమలూ పెన్సిలుతోనో బ్రష్షుతోనో దిద్ది ఉంటే అనుమానించాలి.

## కాగితం చెప్పే వయసు

ఫొటోయేనని తేలాక ఏ రకం ఫొటో అన్నది ప్రశ్న. 19వ శతాబ్దం చివరి సంస్థానాధీశులవైతే అల్బ్యుమెన్ ప్రింటు కావచ్చు. గుడ్డు తెల్లసొన పూసిన పలుచటి కాగితం అది. దానంతటది చుట్టుకుపోతుంది కాబట్టి ఎప్పుడూ మందపాటి అట్టకు అంటించే ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపెక్కి, భూతద్దంలో కాగితపు పీచులు కనిపిస్తాయి. 1890ల మధ్య నుంచి దీని వాడకం వేగంగా పడిపోయింది.

ఆ తర్వాత దాదాపు డెబ్భై, ఎనభై ఏళ్లు రాజ్యమేలినది సిల్వర్ జెలటిన్, అంటే జెలటిన్ అనే జిగురు పొరలో వెండి కణాలతో బొమ్మ ఏర్పడే ఫొటో. స్వాతంత్ర్యోద్యమ నాయకుల అసలు ఫొటోలు దాదాపు అన్నీ ఇవే. వీటిలో కాగితానికీ బొమ్మకూ మధ్య బెరైటా అనే తెల్లటి పొర ఉంటుంది, అందువల్ల పీచులు కనబడవు. దీపాన్ని పక్కనుంచి, దాదాపు నేలబారుగా పట్టి చూస్తే అంచుల దగ్గర నల్లటి చోట్ల నీలిరంగు లోహపు మెరుపు కనిపించవచ్చు. గాలిలోని తేమ, వాయువుల వల్ల వెండి కణాలు కరిగి పైకి చేరి మళ్లీ వెండిగా గడ్డకట్టడమే ఈ మెరుపు. ఇది ఉంటే ఇంక్‌జెట్ కాదని నమ్మవచ్చు. అయితే మెరుపు ఎంత ఉంటే అంత పాతదని లెక్కకట్టకూడదు. మచిలీపట్నం, విశాఖ లాంటి తీరపు తేమలో ముప్పై ఏళ్లకు వచ్చే మెరుపు పొడి ఊళ్లో అరవై ఏళ్లకూ రాకపోవచ్చు.

1970ల తొలినాళ్ల నుంచి నలుపు తెలుపు ఫొటోలు ప్లాస్టిక్ పూత కాగితం మీదికి మారాయి. వెనక వైపు వేలితో రాస్తే ప్లాస్టిక్ నునుపు తెలుస్తుంది, పెన్సిలు గీత పట్టదు, కాగితం ఒంపు తిరగకుండా చదునుగా ఉంటుంది. ఇలాంటి కాగితం మీద నెహ్రూ ఉంటే, ఆయన 1964 మే 27న మరణించారు కాబట్టి, ఆ ప్రింటు ఆయన జీవితకాలంలో వేసినది కాదు. తొలితరం ప్లాస్టిక్ పూత ఫొటోలు అద్దం వెనక బిగిస్తే త్వరగా పాడయ్యాయి కూడా. నారింజ రంగు చుక్కలు, మెరుపు, సన్నటి పగుళ్లు వస్తాయి. చూడటానికి 1930ల దానిలా ముసలిదై కనిపించే 1975 ప్రింట్లు ఇందుకే ఉంటాయి.

ఫొటో వెనక కంపెనీ గుర్తులుంటే అవి మంచి సాక్షులు. ఆగ్ఫా, గెవర్ట్ రెండు కంపెనీలుగా ఉండి 1964లో కలిశాయి. రెండు పేర్లూ జంటగా ఉంటే కాగితం ఆ తర్వాతిదే. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉత్పత్తి 1967లో మొదలైంది. వెనక ఆ కంపెనీ బ్రాండు పేరు "ఇందు" ఉంటే అంతకుముందు మాట ఎత్తనక్కర్లేదు. నలుపు తెలుపు బొమ్మ వెనక ఫ్యూజీ క్రిస్టల్ ఆర్కైవ్ అని ముద్ర ఉంటే అది ఇటీవలి ల్యాబు ప్రింటు. అందులో చుక్కలు కనబడవు, అందుకే భూతద్దం పరీక్ష ఒక్కటే సరిపోదు.

### అతినీల లోహిత కాంతి పరీక్ష, దాని హద్దులు

కాగితం మరింత తెల్లగా కనిపించాలని 1950లలో ఫొటో కాగితాల్లో ఒక రసాయనం కలపడం మొదలైంది. అతినీల లోహిత కాంతి పడితే అది నీలితెలుపుగా వెలుగుతుంది. చీకటి గదిలో 365 నానోమీటర్ల టార్చితో కొద్ది సెకన్లు చూస్తే చాలు. కళ్లలో పడకుండా చూసుకోవాలి. 395 నానోమీటర్ల చవక టార్చీల్లో ఊదారంగు కాంతి ఎక్కువ కాబట్టి తేడా తెలియదు.

కాగితం వెలిగితే 1940ల ప్రింటు అన్న మాట దాదాపు కొట్టుకుపోతుంది. వెలగకపోతే మాత్రం పాతదని రుజువు కాదు. ఆ రసాయనం లేని కాగితాలు తర్వాత కూడా వచ్చాయి, నీళ్లలో ఎక్కువసేపు కడిగినా, ఏళ్ల తరబడి వెలుతురు తగిలినా దాని శక్తి తగ్గుతుంది. అద్దం మీదుగా చూసి తీర్పు చెప్పడం, ఫొటో కింద ఉన్న కొత్త తెల్లట్ట వెలుగును ఫొటో వెలుగనుకోవడం, సబ్బుతో ఉతికిన గుడ్డ వదిలిన నూలుపోగులు మెరిస్తే కంగారు పడటం తరచూ జరిగేవే. ఫొటో బయటికి తీశాకే, ముందూ వెనకా విడివిడిగా చూడాలి.

## బొమ్మలోని మనిషి: వేషం, జెండా, చిహ్నం

ఇవన్నీ ప్రింటు తేదీకి సంబంధించినవి. షట్టర్ నొక్కిన రోజును బొమ్మలోనే వెతకాలి.

బెజవాడ మాట తీసుకుందాం. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశానికి గాంధీజీ బెజవాడ వచ్చింది 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో. ఆయన చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టింది అదే సంవత్సరం సెప్టెంబరు 22న, మదురైలో. కాబట్టి కొల్లాయి కట్టి, ఒంటిమీద చొక్కా లేకుండా ఉన్న గాంధీజీ ఫొటో బెజవాడ 1921 సభది కాలేదు. ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్న మాటను ఈ ఆరు నెలల తేడా పక్కకు నెడుతుంది. అంతమాత్రాన కుటుంబం అబద్ధం చెప్పినట్టు కాదు. ఆయన 1929లో ఖద్దరు నిధి కోసం, 1933 డిసెంబరులో హరిజన యాత్రలో మళ్లీ ఆంధ్ర జిల్లాల్లో తిరిగారు. ఇంటి పెద్దలు చూసింది ఆ పర్యటనల్లో ఒకటై, ఏడాది మాత్రం అందరికీ గుర్తున్న 1921గా మారిపోయి ఉండవచ్చు. అప్పుడు ఆ ఊరికి ఆయన వచ్చిన తేదీలను పట్టుకుని వెతకడమే దారి.

సుభాష్ చంద్రబోస్ సైనిక దుస్తుల్లో ఉంటే 1943 తర్వాతదని చాలామంది వెంటనే చెప్పేస్తారు. కానీ 1928 కలకత్తా కాంగ్రెస్‌లో స్వచ్ఛంద సేవకుల దళానికి అధిపతిగా కూడా ఆయన సైనిక దుస్తులు వేశారు. ముఖం వయసు, తల మీది టోపీ, దుస్తుల కోత చూసి తేల్చాలి. ఆజాద్ హింద్ కాలపు చిత్రాలు మన దేశంలో ఇళ్ల గోడలకెక్కింది ఎక్కువగా 1945 నవంబరులో ఎర్రకోట విచారణలు మొదలయ్యాకే. తీసిన ఏడు 1943 అయినా ప్రింటు 1946ది కావడం ఇక్కడ మామూలు.

జెండా మంచి కొలబద్ద. రాట్నం ఉన్న మూడు రంగుల జెండా అయితే కాంగ్రెస్ జెండా. అశోక చక్రం ఉంటే ఆ బొమ్మ కూర్పు 1947 జులై 22 తర్వాతిదే, ఆ రోజే రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. మూడు సింహాల చిహ్నం జాతీయ చిహ్నమైంది 1950 జనవరి 26న. గాంధీజీ ఫొటో చుట్టూ అశోక చక్రపు జెండాలు అలంకరించి ఉంటే ఫొటో ఎప్పటిదైనా ఆ కూర్పు మాత్రం 1947కు ముందుది కాదు.

ఒంటరిగా కనిపించే ముఖం ఒంటరిగా తీసినదే కానక్కర్లేదు. మన నోట్ల మీద 1996 నుంచి చూస్తున్న గాంధీజీ ముఖం 1946లో ఢిల్లీలో బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ పక్కన నిలబడి ఉన్నప్పటి ఫొటో నుంచి కత్తిరించి తీసుకున్నది. భుజం దగ్గర కారణం లేకుండా తెగిన గీత, చెవి పక్కన పెయింటు పూసిన నేపథ్యం, వెలుగు ఒకవైపు నుంచీ వెనక తెర నీడ ఇంకోవైపూ ఉండటం గుంపు ఫొటో నుంచి వేరు చేసిన ముఖానికి గుర్తులు. అసలు గుంపు ఫొటో దొరికితే తేదీ దానంతటదే దొరుకుతుంది.

## కింద రాసిన పదవి పెట్టే చిక్కులు

బొమ్మ కింద అచ్చయిన పదవి చాలాసార్లు నెలల లెక్కకు తేల్చేస్తుంది. ఇప్పటి అర్థంతో చదివితే మాత్రం ముంచేస్తుంది.

"ప్రధానమంత్రి టంగుటూరి ప్రకాశం" అని ఉంటే అచ్చుతప్పు కాదు. 1935 చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనేవారు. ఆయన మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్నది 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి దాకా. "ముఖ్యమంత్రి" అని ఉంటే ఆంధ్ర రాష్ట్రం నాటి మాట, అంటే 1953 అక్టోబరు 1 నుంచి 1954 నవంబరు లోపు. అలాగే "రాష్ట్రపతి సుభాష్ చంద్రబోస్". అప్పట్లో కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి రాష్ట్రపతి అని పిలిచేవారు. ఆయన అధ్యక్షుడైంది 1938 ఫిబ్రవరిలో హరిపురలో, రాజీనామా చేసింది 1939 ఏప్రిల్ 29న. రాజాజీ పేరు కింద "గవర్నర్ జనరల్" ఉంటే 1948 జూన్ నుంచి 1950 జనవరి మధ్య.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పటాల్లో బిరుదులే కాలపట్టిక. 1911లో గద్దెనెక్కినప్పుడు ఆయన హిజ్ హైనెస్. హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్నది 1918 నుంచి. రాజప్రముఖ్ (గవర్నరు లాంటి రాష్ట్రాధినేత) అని ఉంటే 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు చివరి దాకా. ఇక అంకెల్లో రాసిన సంవత్సరం ఉంటే మరింత జాగ్రత్త కావాలి. హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వపు పని ఫసలీ సంవత్సరంలో సాగేది. అది అక్టోబరు మొదట్లో మారుతుంది, దానికి 590 కలిపితే ఆరంభపు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ముస్లిం చాంద్రమాన సంవత్సరమైన హిజ్రీ వేరు. అట్ట మీద 1346 అని ఉందనుకోండి. ఫసలీ అయితే 1936 అక్టోబరు నుంచి 1937 అక్టోబరు దాకా, అంటే నిజాం పాలన రజతోత్సవం జరిగిన ఏడు. హిజ్రీ అయితే 1927 జులై నుంచి 1928 జూన్ దాకా. అదే నాలుగంకెలు, తొమ్మిదేళ్ల తేడా. పక్కన ఆజర్, దై, బహ్మన్ లాంటి నెల పేరుంటే ఫసలీ. ముహర్రం, సఫర్, రజబ్ ఉంటే హిజ్రీ.

తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటే అరవై ఏళ్ల చక్రం గుర్తుంచుకోవాలి. సర్వజిత్తు అంటే 1947-48, కానీ 1887-88 కూడా, 2007-08 కూడా. కాగితం రకంతో కలిపి చూస్తే ఏది సరిపోతుందో తెలిసిపోతుంది.

స్టూడియో పేరునూ మనిషి ఆయుష్షుతో ముడిపెట్టకూడదు. లాలా దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం దగ్గర రాజా బిరుదు పొంది, 1905లో మరణించారు. కుమారులతో కలిపిన స్టూడియో పేరు ఆ తర్వాతా సాగింది. అట్ట మీద ఆ పేరుంటే ఆయనే స్వయంగా తీశారని అర్థం కాదు.

## పటం వెనక వైపు

చాలామంది ముందు వైపే ఫొటో తీసి "ఇది ఏనాటిది?" అని అడుగుతారు. తెలిసినవాళ్లు ముందు వెనక వైపు చూపించమంటారు.

ఫ్రేము కట్టిన షాపు చీటీ ఉంటే చిరునామా చదవాలి. ఆరంకెల పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. చీటీ మీద అది ఉంటే కట్టింది ఆ తర్వాతే. ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలు మాత్రమే ఉంటే, "మద్రాస్-1" లాగా, అంతకుముందు చీటీ అయ్యే అవకాశం ఎక్కువ, మిగిలిపోయిన చీటీల సంగతి మరవకుండా. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953-56. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు లెక్క, "నయా పైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య.

బొమ్మకూ చెక్కకూ మధ్య పొరగా పెట్టిన పాత పేపరు అన్నిటికంటే విలువైన సాక్షి. తేదీ ఉన్న పుట దొరికితే సరే సరి. లేకపోయినా పత్రిక పేరు హద్దు పెడుతుంది: గోలకొండ పత్రిక 1926 తర్వాత, ఆంధ్రప్రభ 1938 తర్వాత, విశాలాంధ్ర 1952 తర్వాత, ఈనాడు 1974 తర్వాత. సినిమా ప్రకటన, ఎన్నికల వార్త, పంచాంగం ముక్క ఏదున్నా సంవత్సరం పట్టుకోవచ్చు. షాపులో చిత్తుకాగితం నెలల్లోనే వాడేస్తారు కాబట్టి పేపరు తేదీకి దగ్గర్లోనే పటం కట్టి ఉంటారన్నది మంచి ఊహ. రుజువు మాత్రం కాదు.

ఆ పేపరు మొదటిసారి కట్టినప్పటిదా, మళ్లీ కట్టినప్పటిదా? మేకుల రంధ్రాలు లెక్కపెట్టాలి. చట్రం లోపలి అంచున ఖాళీ రంధ్రాలు ఒక వరస, మేకులున్న రంధ్రాలు మరో వరస ఉంటే పటం కనీసం ఒకసారి విప్పి బిగించారు. ఫొటో మీద ఎండ తగలని లేత అంచు ఇప్పటి చట్రపు అంచుతో కలవకపోతే చట్రమే మారింది. మేకులు తుప్పుపట్టి వెనకట్ట మాత్రం శుభ్రంగా ఉంటే అట్ట కొత్తది.

అద్దాన్ని నమ్ముకోవడం దండగ. పాత అద్దంలో ట్యూబ్‌లైటు ప్రతిబింబం అలలా వంకరపోతుంది, ఇప్పటి ఫ్లోట్ అద్దంలో నిటారుగా ఉంటుంది. కానీ పటంలో ముందు పగిలేది అద్దమే, ముందు మారేదీ అదే.

## విప్పాలా, వద్దా

దీని మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. విప్పొద్దనేవారు చెప్పేది: పాత మేకులు, చీటీ, దుమ్ము గీతలు, పొరల వరస కలిసి ఒక సాక్ష్యం. ఒకసారి విప్పితే అది పోతుంది. చేతకాని చెయ్యి పడితే ఫొటో చిరుగుతుంది. విప్పాలనేవారి మాట: ఆ పాత అట్టలో, చెక్కలో ఉన్న ఆమ్లం రోజూ ఫొటోను తింటూనే ఉంటుంది. ఆధారాల్లో సగం లోపలే ఉంటాయి. అద్దానికి నేరుగా తగులుతున్న జెలటిన్ వానాకాలపు తేమకు మెత్తబడి అతుక్కుంటుంది, ఆలస్యమైతే ఇక విడదు. పొడిగా, గట్టిగా ఉన్న పటమైతే వరసగా ఫొటోలు తీస్తూ విప్పడమే మేలని ఈ వ్యాసం అభిప్రాయం. ఫొటో అద్దానికి అతుక్కున్నట్టు కనిపిస్తే మాత్రం ఇంట్లో ముట్టుకోకూడదు. అద్దం మీద తడిగా మెరిసే మచ్చలు, అక్కడక్కడా ఛాయ ముదిరి కనిపించడం దాని గుర్తు. అప్పుడు వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ లాంటి సంస్థల పరిరక్షణ నిపుణులకు చూపించాలి.

విప్పేటప్పుడు ముందూ వెనకా, నాలుగు మూలలూ, ప్రతి చీటీ ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టాలి. పటాన్ని అద్దం కిందికి వచ్చేలా మెత్తటి గుడ్డమీద బోర్లించి, మేకులను పైకి పెరకకుండా సన్నముక్కు పట్టకారుతో చట్రానికి సమాంతరంగా లాగాలి. స్క్రూడ్రైవరుతో మీటితే అట్ట గుండా ఫొటోలోకి దిగేది ఇక్కడే. ప్రతి పొరనూ తీసిన వరసలో అంకె వేసి విడిగా పెట్టాలి. ఫొటో అట్టకు అంటించి ఉంటే విడదీయకూడదు, తడి గుడ్డ తాకించకూడదు. ముందు వెనకలు 600 డీపీఐలో స్కాన్ చేస్తే వెనక మసకబారిన రబ్బరు స్టాంపు కూడా వెలుగు పెంచి చదువుకోవచ్చు.

సంతకముంటే భూతద్దం మళ్లీ కావాలి. నెగెటివ్‌లోనే చేరిన సంతకం బొమ్మతో పాటే ఉంటుంది, పక్కవెలుతురులో దానికి విడిగా మెరుపుండదు. నిజంగా పెన్నుతో పెట్టినది జెలటిన్ పైన కూర్చుంటుంది, గీతలు దాటిన చోట సిరా చిక్కబడుతుంది. బాల్‌పెన్ను గాడి చేస్తుంది. బాల్‌పెన్నులు మార్కెట్లో విరివిగా దొరికింది 1945 తర్వాతే కాబట్టి "1931 నాటి సంతకం" గాడిలో ఉంటే నమ్మనక్కర్లేదు.

## ఒక పటాన్ని మొదటినుంచి చదివితే

ఊహకు ఒక పటం. పది బై పన్నెండు అంగుళాల నలుపు తెలుపు ఫొటో, కింద "ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం, ప్రధానమంత్రి" అని అచ్చు. వెనక మద్రాస్-1 చిరునామాతో ఫ్రేము షాపు చీటీ. లోపల 1951 నాటి ఆంధ్రప్రభ పుట. చట్రంలో రెండు వరసల మేకు రంధ్రాలు.

భూతద్దంలో బుగ్గ మీద చుక్కల్లేవు, పీచుల్లేవు, అంచున వెండి మెరుపు ఉంది. అంటే సిల్వర్ జెలటిన్. కింది అక్షరాలను వెనకనుంచి తడిమితే కాగితం ఉబ్బి తెలుస్తోంది, సీసపు అక్షరాలతో నొక్కిన అచ్చు. అతినీల లోహిత కాంతికి వెలగలేదు. ఇది 1950కి ముందని చెప్పదు, ముందు అయ్యే వీలుందని మాత్రం చెబుతుంది. పదవి 1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి మధ్యదాన్ని చూపుతోంది. పదవి పోయాక ఆ అచ్చు వేయించుకునే కారణం తక్కువ, కాబట్టి ప్రింటు ఆ పదకొండు నెలల్లోనే వేశారనడం బలమైన ఊహ. కానీ షట్టర్ నొక్కిన రోజు అదే కానక్కర్లేదు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి. అప్పటి నెగెటివ్‌నే మళ్లీ వాడి ఉండవచ్చు. ముఖాన్ని ఆ రెండు కాలాల తేదీలున్న ఫొటోలతో పోల్చేదాకా అది తెరిచే ఉంచాలి.

మరి 1951 పేపరు? రెండు వరసల రంధ్రాలు జవాబిస్తున్నాయి: మొదట కట్టిన పటాన్ని 1951లో గానీ ఆ తర్వాత గానీ విప్పి మళ్లీ కట్టారు. మద్రాసు చీటీ ఏ కట్టుడుకు చెందిందో చూడాలి. చీటీ కింది చెక్క లేతగా, చుట్టూ ముదురుగా ఉంటే ఆ వెనకపలక మీద అది మొదటినుంచీ ఉన్నదే.

ఇక్కడ సేకర్తకూ చరిత్రకారుడికీ చూపు వేరవుతుంది. సేకర్తకు 1946-47 ప్రింటు విలువ, మళ్లీ కట్టడం లోపం. చరిత్రకారుడికి ఆ రెండో కట్టుడే ఆసక్తి: పదవి దిగిన నాలుగేళ్లకు కూడా ఎవరో డబ్బు పెట్టి ఆ పటాన్ని బాగుచేయించుకున్నారు. ప్రత్యేక ఆంధ్ర ఆందోళన ముదురుతున్న రోజులవి. వింటేజ్ కాని ప్రింట్లను పనికిరానివని పక్కన పడేసేవారు ఈ సంగతి పోగొట్టుకుంటారు. అన్ని ప్రింట్లూ సమానమేననేవారు మాత్రం కొనేవాడి జేబును మరచిపోతున్నారు. రెండు మాటలూ వాటి వాటి చోట నిజమే.

## జంట ఫొటో ఎక్కడ దొరుకుతుంది

ఇంత చేశాక కూడా కచ్చితమైన రోజు కావాలంటే అదే ఫొటోకు తేదీ ఉన్న మరో ప్రతి దొరకాలి. ఆ కాలపు పత్రికల పుటలు మొదటి చోటు, ఎందుకంటే అచ్చయిన తేదీ "ఇంత తర్వాతది కాదు" అని చెప్పే అరుదైన ఆధారం. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఫొటో డివిజన్, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రుల మ్యూజియం లైబ్రరీ, రాజ్‌ఘాట్ దగ్గరి జాతీయ గాంధీ మ్యూజియం, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడదగినవి. దీన్ దయాళ్ గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పోల్చేటప్పుడు ముఖాన్ని కాకుండా మారని వాటిని చూడాలి: కండువా మడతలు, కళ్లద్దాల మీది వెలుగు మచ్చ, జేబులో పెన్ను కోణం. ఇవి మూడూ కలిస్తే అదే నెగెటివ్. ముఖం మాత్రమే కలిస్తే అదే రోజు తీసిన వేరే ఫొటో కావచ్చు.

తేల్చిన దాన్ని నాలుగు తేదీలుగానే రాసిపెట్టాలి. పైన చెప్పిన పటానికి ఇలా: "నెగెటివ్: 1947 మార్చికి ముందు, బహుశా 1937-47 మధ్య. ప్రింటు: 1946-47, పదవి ఆధారంగా, ఊహ. మొదటి కట్టు: తెలియదు, బహుశా 1951కి ముందు. రెండో కట్టు: 1951 లేదా తర్వాత, లోపలి పేపరు, మేకు రంధ్రాల ఆధారంగా." దీన్ని ఆమ్లం లేని కాగితం మీద పెన్సిలుతో రాసి, తీసిన పాత పేపరు పుట, చీటీ, మేకులతో పాటు ఒక కవరులో పెట్టి, కవరును పటం వెనక కాకుండా పటంతో పాటు ఉంచాలి. ఫొటో వెనక పెన్నుతో రాస్తే సిరా ఏళ్ల తర్వాత ముందు వైపుకు ఊరుతుంది.